ఒట్టు తీసిన టీచరమ్మ

మా బాలవాడి టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు నకిరేకల్ బస్టాండులో తెలిసింది. చెప్పింది మా ఊరి కండక్టరు. తన బస్సు పక్కన నిలబడి టికెట్లు కోస్తున్నవాడు నన్ను చూసి ఆగి, "టీచరమ్మ నల్గొండ దవాఖానల పానం ఇడిసింది, నీకెర్కలేదా?" అన్నాడు. నాకు తెలియదు. కామెర్లు ముదిరిపోయాయనీ, చుట్టాలు హుజూర్‌నగర్ తీసుకుపోయి దహనం కూడా కానిచ్చారనీ ఆయనే చెప్పాడు. ఆ మాట చెప్పి ఎవరికో చిల్లర ఇవ్వడానికి వెళ్లిపోయాడు. నేను నా బస్సెక్కి కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియని కోపం.

తర్వాతి వారం మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు సంతాపసభ పెట్టారు. త్యాగమూర్తి అన్నారు, దేవత అన్నారు. ఒకాయన ఆమెను గంగానదితో కూడా పోల్చాడు. ఆమె వింటే ఆయన్ని పక్కకు పిలిచి, మీ ఇంట్లో పిల్లలు ఎందరు, బాలవాడికి ఎందుకు పంపలేదు అని అడిగి ఉండేది. నన్ను కూడా మాట్లాడమన్నారు గానీ నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. ఆమె దేవత కాదు. మొండితనం ఎక్కువ. మా మధ్య ఉన్న రోజుల్లో పెద్ద తప్పు ఒకటి చేసింది. దాన్ని ఎట్లా దిద్దుకుందో, ఎంత దిద్దుకున్నా ఏమి మిగిలిపోయిందో చదివేవాళ్లకు చెప్పాలనిపిస్తున్నది.

నాగార్జునసాగర్ కట్ట పని మొదలై, మా దిక్కు నుంచీ పాలమూరు దిక్కు నుంచీ జనం మట్టిపనికి పోతున్న రోజులవి. ఆ కాలంలో బ్లాకు ఆఫీసు వాళ్లు మా ఊరి చావడి పక్కగదిలో, ఇంకా బడి ఈడు రాని పిల్లల కోసం బాలవాడి తెరిచారు. బాలవాడి అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. పొడి కలిపి పాలు పోస్తారని తెలిసింది, అందుకని అందరం పోయాం. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. మాది జొన్నలు, ఆముదాలు పండే మెట్ట ఊరు. ఆమెది హుజూర్‌నగర్ వైపు వరి పండే ఊరు. వచ్చిన కొత్తలో మా జొన్నరొట్టె నమలలేక నీళ్లలో నానబెట్టుకుని తినేది. అది చూసి మేం పగలబడి నవ్వితే ఆమె కూడా నవ్వేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పిల్లల్ని ఏదైనా అడిగాక కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకునేది. మొదట్లో అదేదో చాదస్తం అనుకున్నాం. జవాబు తనే చెప్పేస్తానేమోనని భయమట, అందుకని నోటికి అడ్డం పెట్టుకునేదట. పెద్దయ్యాక నాకు చెప్పింది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. బాలవాడి వయసు దాటిపోయింది, అసలు బడి ముఖమే చూడలేదు. నా చంకలో మాత్రం మా తమ్ముడు ఉండేవాడు. వాడికి నాలుగో ఏడు నడుస్తున్నది. నేను కనబడకపోతే వాడు ఉండడు, వాణ్ణి దింపితే నాకు లోపలికి రావడానికి పనిలేదు. టీచరమ్మ ఇద్దరినీ చూసి, నువ్వు కూడా కూర్చో అన్నది. అట్లా తమ్ముడి పేరు చెప్పుకుని నేను గడప దాటాను.

తమ్ముడికి మాటలు రాలేదు. కావలసింది వేలితో చూపించేవాడు. ఎక్కువ నిద్రపోయేవాడు, లేచినా మత్తుగా ఉండేవాడు. మా ఇంట్లో దానికి ఎవరూ ఫికరు పడలేదు. వచ్చే టైముకు అవే వస్తాయనుకున్నారు. పొద్దున పనికి పోయేముందు అమ్మ వాడికి ఉగ్గుగిన్నెతో ఇంత కల్లు పోసేది. దాచుకుని చేసే పని కాదది. చంటిపిల్లలున్న ప్రతి కూలి ఇంట్లోనూ పోసేవాళ్లు. కడుపుకు చలువ, ఒంటికి బలం అనేవాళ్లు. మా ఊళ్లో బర్రెలన్నీ పటేలు కొట్టంలోనే ఉండేవి, కల్లు మాత్రం ప్రతి గడపకూ వచ్చేది. తాగిన పిల్ల చెట్టుకింద తొట్లెలో పడుకుంటే తల్లి నిమ్మళంగా కలుపు తీసుకోవచ్చు. దీన్ని చదివి ముక్కు చిట్లించేవాళ్లు ఒక్కరోజు ఎండలో నడుం వంచి కలుపు తీసి, పిల్ల ఏడుపు వింటూ, గట్టు మీది మేస్త్రీ తిట్లు పడి, ఆ తర్వాత చిట్లించమనండి.

మొదటి ఏడాది టీచరమ్మ కూడా మా పిల్లలు మొద్దులనే అనుకున్నది. పటేలు మనుమడు, షావుకారి పిల్లలు అడగ్గానే చెప్పేవాళ్లు. వాళ్లను ముందు కూర్చోబెట్టింది. మా వాళ్లు వెనక కూర్చుని పాల కోసం ఎదురుచూసేవాళ్లు. వెనకవాళ్లకు పాలు, ముందువాళ్లకు పాఠం పోసిన అని తర్వాత తన మీద తనే విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం, తమ్ముడు పొద్దుటి నుంచీ ఎందుకట్లా తూగుతున్నాడో తేల్చుకోవాలని నాతో పాటు చేనుకు వచ్చింది. చింతచెట్టు కొమ్మలకు చీరల తొట్లెలు వేలాడుతున్నాయి. ఆడవాళ్లు దూరంగా సాళ్లలో ఉన్నారు. పట్టపగలు అన్ని తొట్లెల్లో ఒక్క పిల్ల కూడా కదలడం లేదు. ఆమె ఒక్కో తొట్లెలోకి వంగి చూసింది. ఒక పాపను ఎత్తుకుని మూతి వాసన చూసి మళ్లీ పడుకోబెట్టింది. ఆ సాయంత్రం పటేలు ఇంటి మీదుగా పోతుంటే అరుగు మీద ఆ ఇంటి మనుమణ్ణి కూర్చోబెట్టుకుని ముసలామె కాకి ఏది, కొంగ ఏది అని అడుగుతున్నదట. వాడు తప్పు చెప్తే నలుగురు నవ్వి మళ్లీ చెప్పిస్తున్నారట. ఆ అరుగు దగ్గర నిలబడిపోయిన సంగతి ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. చింతచెట్టు కింద నిద్రపోయే పిల్లకూ, ఆ పిల్లవాడికీ రోజూ ఎన్ని మాటల తేడా పడుతుందో ఆమెకు అప్పుడు తట్టింది.

తట్టాక ఆగలేదు, అదీ ఆమె గుణం. తల్లులందరినీ చావడికి పిలిచి కల్లు మానమన్నది. వాళ్లు నవ్వారు. మేం తాగే పెరగలేదా, మాకేమైంది అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. అట్లయితే పిల్లల తల మీద చెయ్యి పెట్టి, ఇక కల్లు పొయ్యం అని ఒట్టు పెట్టండి అన్నది. నవ్వులు ఆగిపోయాయి. మా దిక్కున పిల్లల తల మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. తప్పితే ఆ తలకే తగులుతుందని నమ్ముతారు. ఆమెదీ మా జిల్లానే, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసే వాడుకున్నది. పెట్టనంటే పిల్ల మీద ప్రేమ లేదంటారేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుని అందరూ పెట్టారు. మా అమ్మ కూడా తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది.

కలుపు రోజులు వచ్చాయి. నా ఈడు ఆడపిల్లలు కూడా పనికి పోవలసిందే, బాలవాడికి పిల్లల్ని తెచ్చేవాళ్లు లేరు. చింతచెట్టు కింద పిల్లలు మెలకువగా ఉన్నారు, ఏడుస్తున్నారు. తల్లులు సాళ్లు వదిలి చెట్టుకూ చేనుకూ తిరుగుతున్నారు. ఏడ్చే పిల్లల తల్లులు రేపటి నుంచి రావద్దని పటేలు మేస్త్రీ చెప్పేశాడు. అమ్మ కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత ఒక పొద్దున తలుపు చాటున తమ్ముడి నోట్లో ఇంత కల్లు పోసింది. ఆ వారంలోనే వాడికి జ్వరం తగిలింది. ఒళ్లు తెలియని జ్వరం. ఆ రోజుల్లో ఊళ్లో చాలామంది పిల్లలకు జ్వరాలున్నాయి, కానీ అమ్మకు అవేవీ కనబడలేదు. "ఒట్టు తప్పిన. నా కొడుకును నేనే మింగిన" అంటూ వాడి కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

ఊరంతా ఆ మాట పాకింది. తల్లులు బాలవాడి వైపు చూడడం మానేశారు. టీచరమ్మ ఎదురైతే పిల్లల ముఖం మీద కొంగు కప్పేవాళ్లు. పాలపొడి డబ్బా అట్లాగే ఉండిపోయింది.

జ్వరం తగ్గాక ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ కూర్చోమనలేదు. ఆమె నిలబడే, "ఒట్టు నేను పెట్టిచ్చిన. తప్పు నాది. తగిలేదుంటే నాకు తగలాలె" అన్నది. ఆమె తమ్ముణ్ణి ఎత్తుకుని, అమ్మను రమ్మని చేను దాకా నడిపించింది. నేను వెనకే పోయాను. గట్టు మీద నిలబడి వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఈ పిల్లగాని తల మీది ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న" అని వంగి మట్టిని తాకింది. మేం పిల్లలం ఆటల్లో అనుకునే మాట అది. పెద్ద మనిషి అంత గంభీరంగా అంటుంటే నాకు నవ్వు రావలసింది, రాలేదు. కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూస్తున్నారు. ఆమె ఒక్కొక్క తల్లి పేరూ చెప్పి, వాళ్ల పిల్లల ఒట్లన్నీ అట్లాగే తీసి పెట్టింది.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "ఒట్టు తీసినవు, మంచిగున్నది. మరి పిల్లగాడు ఏడిస్తే ఎవలు ఎత్తుకోవాలె? మేస్త్రీ ఎత్తుకుంటడా? నువ్వొచ్చి ఎత్తుకుంటవా టీచరమ్మా?"

"ఎత్తుకుంట" అన్నది టీచరమ్మ.

తర్వాత ఎప్పుడో నేను అడిగాను, ఒట్ల మీద నీకు నమ్మకముందా అని. నాకు లేదు, మీ అమ్మకున్నది, భయం ఆమెది కదా అన్నది.

మర్నాటి నుంచి బాలవాడి చింతచెట్టు కిందికి వచ్చింది. బ్లాకు ఆఫీసు వాళ్లు చావడిలోనే నడపాలని పట్టుబట్టారు, ఆమె వినలేదు. పని చేతగాని ముసలవ్వలను బతిమాలి తెచ్చి చెట్టుకింద కూర్చోబెట్టింది. పిల్లలు ఏడిస్తే ఎత్తుకోవడం, ఊరుకున్నాక మాట్లాడడం, వాళ్లకు అదే పని. ఏం మాట్లాడాలె గింత పోరగాండ్లతోని అని అవ్వలు విసుక్కునేవాళ్లు. నీ పెండ్లి ముచ్చట చెప్పు, నీ అత్త ముచ్చట చెప్పు అనేది. అత్తల ముచ్చట్లు మొదలుపెట్టాక అవ్వలను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పిల్లల్ని చంకనేసుకుని తిరిగే మాబోటి అక్కలకు ఇంకో పని పెట్టింది. చేసే ప్రతి పనీ చంకలోని పిల్లకు నోటితో చెప్పాలి. నీళ్లకు పోతే నీళ్లకు పోతున్నామని చెప్పాలి, బాయి కనబడితే బాయి అని చెప్పాలి. "చెవుల పడని మాట నోట్లకు యాడికెంచి వస్తది బిడ్డా" అనేది. నేను ఊళ్లో నడుస్తూ, గిది బాయి, గిది మోట, నీళ్లు వస్తున్నయి చూడు అని వాగుతుంటే దీనికి పిచ్చి లేసింది అని నవ్వినవాళ్లున్నారు. తమ్ముడు నా నోటి వంకే చూసేవాడు. చెప్పీ చెప్పీ నాకు మాటలు దొర్లడం మొదలైంది. వాటి వెనకే అక్షరాలు వచ్చాయి. ఆమె నన్ను తిన్నగా రెండో తరగతిలో చేర్పించింది.

వాడు మాట్లాడిన రోజు నాకు గుర్తుంది. పటేలు కొట్టం దగ్గర నిలబడి, "దూడ తాగుతాంది" అన్నాడు. అక్కడే పటేలు జొన్నలు చెరుగుతున్న అమ్మ చేతిలో చాట జారి జొన్నలన్నీ నేలపాలయ్యాయి. నేను పరిగెత్తుకుపోయి టీచరమ్మకు చెప్పాను. ఆమె ముఖం వెలిగింది, వెంటనే మసకబారింది. పటేలు మనుమడు అప్పటికే కథలు చెప్తున్నాడు కదా అన్నది. ఆ రోజు ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో. మా ఇంట్లో పండగ జరుగుతుంటే ఈమె లెక్కలేమిటి అనుకున్నాను. ఆ లెక్క ఎందుకు వేసిందో ఇప్పుడు నేను బడిలో నిలబడి పాఠం చెప్తుంటే తెలుస్తున్నది.

ఒకసారి నల్గొండ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చెట్టుకింద పిల్లల్ని చూసి మురిసిపోయాడు. పల్లె పిల్లలకు ప్రకృతే బడి, చెట్టూ పిట్టా వాళ్ల గురువులు అన్నాడు. ఆమె మొహమాటపడే మనిషి కాదు. అట్లయితే మీ పిల్లల్ని కూడా ఈ బడికే పంపండి సార్, తొట్లెలు ఖాళీ ఉన్నాయి అన్నది. ఆయన మళ్లీ రాలేదు.

తమ్ముడికి ఆరేళ్లు నిండాయి. ఈ ఏడు బడిలో చేరకపోతే పటేలు పశువుల వెంట జీతానికి పోవాలి, నాయిన అప్పటికే మాట ఇచ్చేశాడు. మా ఊరి బడిలో పెద్దసారు చేర్చుకునే ముందు బొమ్మలు చూపించి ఇదేమిటి అని అడిగేవాడు. గడియారం, గొడుగు, కుర్చీ, రైలు. మా ఇంట్లో వీటిలో ఒక్కటీ లేదు. తమ్ముడు బొమ్మల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన రెండుసార్లు అడిగి, మొద్దు, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. టీచరమ్మ గుమ్మంలోనే ఉంది.

"జర ఆగుండ్రి సార్" అన్నది. "వాడు చెప్తడు. ఆలస్యమైతది, గంతే."

ఆయన చెడ్డవాడు కాదు. గదినిండా పిల్లలు, ఆయన ఒక్కడు. పిల్లల కోసం ఆగడానికి ఆయనకు తీరిక ఎక్కడిది? అయినా ఆగాడు. తమ్ముడు బొమ్మ నుంచి ఆమె వైపు చూసి, మళ్లీ బొమ్మ చూసి, "గొడుగు" అన్నాడు. చేర్చుకున్నారు. నాయిన పటేలు దగ్గర గడువు అడిగి వచ్చాడు.

ఇక్కడితో ఆపితే మంచి కథే అవుతుంది. కానీ జరిగింది అది కాదు. ఒక పాఠం వాడికి అందేసరికి తరగతి ఇంకో పాఠంలోకి పోయేది. ఇంటికి వచ్చాక నేను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. నేర్చుకునేవాడు, నేర్చుకున్నది నిలిచేది కూడా. దానికి వాడికి కావలసినంత టైము ఎవరి దగ్గరా లేదు. పిల్లలు మొద్దూ అని పిలిచేవాళ్లు. కొన్నాళ్లకు వాడు అదే తన పేరైనట్టు పలకడం మొదలుపెట్టాడు. మూడో తరగతిలో తప్పాక నాయిన, చదువు అబ్బని పోరణ్ణి కూర్చోబెట్టి ఏం లాభం, పటేలు మళ్లీ అడుగుతున్నాడు అన్నాడు.

టీచరమ్మ వచ్చింది. పోట్లాడుతుందని నేను ధైర్యంగా ఉన్నాను. ఆమె పోట్లాడలేదు. అమ్మ చాప వేసేలోపే నేల మీద కూర్చుంది. నాయినతో ఇట్లా అన్నది.

"ఈ పిల్లగాని తప్పు కాదు. మీ తప్పు కాదు. మూడేండ్లు వీనితోని ఎవలూ మాట్లాడలే. మీకు తీరిక లేకపాయె, నేను ఊర్లె లేకపోతి. ఆ మూడేండ్లు నేను యాడికెంచీ తేలేను. బుర్ర లేనోడని మాత్రం ఇంట్ల ఎవ్వలూ అనొద్దు. వాని తప్పు కాదని వానికి చెప్పుండ్రి."

నాయిన సరేనన్నాడు. తమ్ముడు జీతానికి పోయాడు. పని ఆలస్యమైనప్పుడు నాయిన నోటే ఆ మొద్దు అన్న మాట వచ్చేది, అని నాలుక కరుచుకునేవాడు. వాడికి ఎవరం ఏమీ చెప్పలేదు. ఎట్లా చెప్పాలో మాకు చేతకాలేదు.

చింతచెట్టు కింద మెలకువగా పెరిగిన చంటిపిల్లలు తర్వాత బడికి పోయారు. వాళ్లలో కొందరు ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్లను చూసి ఆమె సంతోషించింది, లేదనను. కానీ నల్గొండకు బదిలీ అయి పోయాక కూడా నేను ఎప్పుడు కనబడినా మొదట అడిగేది తమ్ముడి గురించే. నా టీచరు ట్రైనింగు పూర్తయిందని చెప్పడానికి నల్గొండ వెళ్లినప్పుడు కూడా అంతే. అప్పటికే కళ్లు పచ్చబడి ఉన్నాయి. నాకు అన్నం పెట్టి, నేను తింటుండగా అన్నది: "నీకొచ్చిన సదువుల సగం నీ తమ్మునిది. వాన్ని ఎత్తుకొస్తేనే గదా నువ్వు లోపలికొచ్చింది." నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో. నీ బడిలో వెనక కూర్చునే వాళ్లను ముందు అడుగు, అడిగి ఆగు అని కూడా చెప్పింది. అదే కడసారి చూడడం.

సంతాపసభ అయ్యాక ఇంటికి పోబుద్ధి కాలేదు. తమ్ముడు సభకు రాలేదు. వాణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. ఊరిబయట పటేలు పశువులు మేపుతున్నాడంటే అక్కడికి పోయాను. వాడు ఇప్పుడు నాకన్నా పొడుగు, మూతి మీద నూనూగు మీసం. టీచరమ్మ పోయిందిరా అని చెప్పాను. వాడు నేల చూస్తూ ఉండిపోయాడు. నేను ఏమీ కదిలించకుండా నిలబడ్డాను. చాలాసేపటికి తల ఎత్తాడు.

"నేను నేర్వకపోతి గదా అక్కా. నా మీద కోపం పెట్టుకొనే పోయిందా?"

ఇన్నేళ్లు ఆ మాట లోపల పెట్టుకుని తిరిగాడు. అక్కడే గడ్డి మీద కూలబడి, ఆమె మా ఇంట్లో నేల మీద కూర్చుని అన్న మాటలన్నీ చెప్పాను. నీ తప్పు కాదురా అని చెప్పాను. మూడేళ్ల సంగతి చెప్పాను. మేం చెప్పవలసింది చెప్పలేదని చెప్పాను. వాడు నా ముందు గొంతుక్కూర్చుని, ప్రతి మాటా నమిలి మింగుతున్నట్టు విన్నాడు.

ఈలోగా ఆవులు జొన్నచేలో పడ్డాయి. అవతలి గట్టు నుంచి మేస్త్రీ, ఒరేయ్ మొద్దూ అని కేకేశాడు. ఆ కేక వింటే వాడు ఎక్కడున్నా ఉరికేవాడు, నేను ఎన్నోసార్లు చూశాను. ఈసారి లేచాడు గానీ ఉరకలేదు. కర్ర చేత పట్టుకుని అటు తిరిగి, పిలిచినవాడి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవులు జొన్న మేస్తున్నాయి. మేస్త్రీ మళ్లీ అదే మాటతో పిలిచాడు. తమ్ముడు పలకలేదు.